చందాల నగరం, దర్బారు నగరం: చెన్నపట్నం, హైదరాబాదు

(విజయవాడలో ఒక గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

యునెస్కో 2017లో చెన్నైని సంగీత నగరంగా, 2019లో హైదరాబాదును రుచుల నగరంగా గుర్తించింది. అప్పటి నుంచి ఈ రెండు ఊళ్ళ ప్రస్తావన వస్తే అక్కడ పాట, ఇక్కడ బిర్యానీ అని ఒక్క మాటలో తేల్చేయడం అలవాటైపోయింది. ఆ గుర్తింపులు రెండూ న్యాయమైనవే. కానీ ఊరు వాటితో అర్థం కాదు. చెన్నైలో పాట ఇన్నేళ్ళు ఎలా నిలిచింది? దానికి డబ్బు ఎవరు పెట్టారు? హైదరాబాదులో అంతటి కట్టడాలు, అంతటి వస్తుసంపద ఎవరి చేతి మీదుగా వచ్చాయి? ఎవరిని లోపలికి పిలిచారు, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టారు? ఊళ్ళను పోల్చేటప్పుడు నేను అడిగే ప్రశ్నలు ఇవి. విజయవాడవాళ్ళం మనం ఈ రెండింటికీ మధ్యలో ఉన్నాం. మన తాతలు చదువులకు, అచ్చుపనులకు, హైకోర్టు వ్యాజ్యాలకు చెన్నపట్నం రైలెక్కారు. మన పిల్లలు హైదరాబాదు బస్సెక్కుతున్నారు. కాబట్టి ఈ పోలిక మనకు కాలక్షేపపు కబురు కాదు, ఇంటి సంగతి.

రెండు ఊళ్ళూ పుట్టిన తీరు చూడండి. హైదరాబాదును 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. మధ్యన చార్మినార్, దాని నుంచి నాలుగు దిక్కులకు నాలుగు దారులు. ఒక రాజు, అందులోనూ కవి అయిన రాజు, మనసులో గీసుకుని నేల మీద పెట్టిన ఊరు అది. వసంతోత్సవం మీద, వానకాలం మీద, ఊరి పండుగల మీద దక్కనీ ఉర్దూలో కవిత్వం రాసినవాడాయన. ఆయన తండ్రి ఇబ్రహీం కుతుబ్ షా తెలుగు కవులను ఆదరించాడు. మన కవులు ఆయన్ను ‘మల్కిభరాముడు’ అని ప్రేమగా పిలుచుకున్నారు.

చెన్నపట్నం పుట్టుక వేరు. 1639 ఆగస్టు 22న ఈస్టిండియా కంపెనీకి సముద్రపు ఒడ్డున కాస్త ఇసుక నేల మీద హక్కు దొరికింది. ఇచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు, మన తెలుగువాడే. ఆ ఊరికి కులగురువు లేడు, ఆస్థాన కవి లేడు. కోట, దాని పక్కన గిడ్డంగులు, వాటి చుట్టూ నేతగాళ్ళు, దుబాసీలు, వర్తకులు. అక్కడ కళను పోషించడానికి కోట లోపలి దొరకు తీరిక లేదు, అక్కర లేదు. ఊళ్ళోవాళ్ళకు పాట కావాలంటే తామే డబ్బు పోగు చేసుకోవాలి. నేను చెప్పదలచిన విషయమంతా ఈ తేడాలోనే ఉంది. హైదరాబాదు సంస్కృతి దాత చేతిలో పెరిగింది. చెన్నపట్నం సంస్కృతి చందాతో పెరిగింది.

ముందు హైదరాబాదు. ఆ ఊళ్ళో దాతల చేయి ఎంత పెద్దదో చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియం ఒక్కటి చాలు. నిజాం దగ్గర దివానుగా చేసిన మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడవ సాలార్‌జంగ్, పెళ్ళి చేసుకోలేదు. జీవితమంతా వస్తువులు కొన్నారు. 1949లో వారసులు లేకుండా పోయారు. నలభై వేలకు పైగా కళావస్తువులు, వేల కొద్దీ రాతప్రతులు, పుస్తకాలు మిగిలాయి. 1951 డిసెంబరు 16న ఆయన ఇంట్లోనే, దివాన్ దేవిడీలో, నెహ్రూ దాన్ని ప్రజల కోసం తెరిచారు. ఇప్పుడు మూసీ ఒడ్డున మనం చూసే భవనంలోకి 1968లో మారింది. అందులో మేలిముసుగు రెబెకా బొమ్మ దగ్గర జనం ఎప్పుడూ గుమికూడి ఉంటారు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ఆ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో కొన్నారు. రాతి ముసుగులోంచి ముఖం కనపడుతుంది. నేను ఎన్నిసార్లు చూసినా ఆగిపోతాను. అయితే నా దృష్టిలో ఆ మ్యూజియంలో అంతకన్నా విలువైనవి అరబిక్, పర్షియన్, ఉర్దూ రాతప్రతులు. వాటి దగ్గర మాత్రం రద్దీ ఉండదు.

దాత చేయి ఉన్నంతకాలం ఊరు కళకళలాడింది. 1908 సెప్టెంబరు వరదలో మూసీ ఊరిని ముంచేసింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. నది ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం చెప్పిన విశ్వవిద్యాలయం ఆ రోజుల్లో ఉందంటే ఆశ్చర్యంగా లేదూ? ఆ సాహసానికి నేను తలవంచుతాను. కానీ ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే తెలుగుకు ఆ గౌరవం దక్కలేదని కూడా చెప్పాలి. దాత తనకు ఇష్టమైనదానికి ఇస్తాడు. అడిగినవాళ్ళందరికీ ఇవ్వడు.

దాత పోయాక ఏమవుతుంది? పాతబస్తీలో బాద్‌షాహీ ఆషుర్ఖానా ఉంది, మొహర్రం సంతాప మందిరం. చార్మినార్ కట్టిన రాజే కట్టించాడు. లోపలి గోడల మీద రంగురంగుల పలకలతో కూర్చిన పీరుల ఆకృతులు దక్కనులో మరెక్కడా ఇంత అందంగా లేవని నా నమ్మకం. మూసీ వరదలో కింది భాగంలోని పలకలు పోతే ఆ మేరకు రంగులు పూసి సరిపెట్టారు. వెళ్ళినప్పుడు మోకాలి ఎత్తు నుంచి మెల్లగా చూపు పైకెత్తండి. ఎక్కడ రంగు ఆగి అసలు పలక మొదలవుతుందో మీకే తెలుస్తుంది. చార్మినార్ దగ్గర ఫోటో దిగినవాళ్ళలో నూటికి ఒక్కరైనా అక్కడికి నడుస్తారా అంటే అనుమానమే. కుతుబ్ షాహీ సమాధుల పరిస్థితి నయం. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు వాటిని పద్ధతిగా బాగుచేసింది. పాత సున్నపు పని తెలిసిన మేస్త్రీలతో చేయించింది. చౌమహల్లా ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో పురస్కారం వచ్చింది. కానీ గమనించండి, ఇక్కడ కూడా మళ్ళీ ఒక ట్రస్టో, ఒక రాజకుటుంబమో ముందుకు రావలసివచ్చింది. ఊరివాళ్ళు పూనుకుని బాగుచేసుకున్న కట్టడం ఏదని అడిగితే నాకు వెంటనే పేరు తట్టడం లేదు.

అలాగని హైదరాబాదు జనానికి సంస్కృతి పట్టదని కాదు. పట్టేచోటు వీధి. ఆషాఢంలో గోల్కొండ కోటలో జగదాంబిక గుడి దగ్గర మొదలై లష్కరు, అంటే సికింద్రాబాదు, ఉజ్జయిని మహంకాళికి, అక్కడి నుంచి పాతబస్తీ లాల్‌దర్వాజకు సాగే బోనాలకు టికెట్టు లేదు, వేదిక లేదు. పోతరాజు వస్తుంటే దారి ఇవ్వడమే పని. మొహర్రం పదో రోజున బీబీకా అలం అనే పీరు ఏనుగు మీద ఊరేగుతుంది. బోనాల ముగింపులో అక్కన్న మాదన్న గుడి ఘటం కూడా ఏనుగు మీదే సాగుతుంది. జంతు ప్రదర్శనశాలలో ఉన్న రజని అనే ఏనుగు చాలాకాలం ఈ రెండు ఊరేగింపులకూ వెళ్ళేది. ఆ ఊరి స్వభావం గురించి ఎన్ని పుటలు రాసినా ఈ ఒక్క సంగతికి సాటిరావు. పీరుల పండుగకు, అమ్మవారి పండుగకు ఒకే ఏనుగు. గొడవలు, కర్ఫ్యూలు చూసిన వీధుల్లోనే అది నడిచింది. అందుకే ఆ విషయం నాకు ఇంకా ఎక్కువ విలువైనది.

ఏటా జరిగే వస్తుప్రదర్శన నుమాయిష్ కూడా అంతే. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘం మొదలుపెట్టింది. 1946 నుంచి నాంపల్లిలో జరుగుతోంది. ఏటా జనవరి 1న తెరుస్తారు. కాశ్మీరు శాలువాల అంగడి పక్కనే ఊరగాయల దుకాణం, ఆ పక్కన తిరిగే రాట్నం. కొనకపోయినా తిరగాలి. హైదరాబాదు కుటుంబానికి అది ఒక ఆచారం.

ఇక చెన్నపట్నం. అక్కడ సంస్కృతి వేళ ప్రకారం నడుస్తుంది. ట్రిప్లికేన్‌లో పార్థసారథి స్వామి సభ అనే సంగీత సంఘం 1900లో మొదలైంది. 1927 డిసెంబరులో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు దానితోపాటు సంగీత సదస్సు పెట్టారు. ఆ ఊపులో 1928లో మ్యూజిక్ అకాడమీ వచ్చింది. ఇవేవీ రాజు ఇచ్చినవి కావు. వకీళ్ళు, గుమాస్తాలు, వైద్యులు, వర్తకులు సభ్యత్వం కట్టి నిలబెట్టినవి. డిసెంబరు, జనవరి నెలల్లో మైలాపూరు, టి.నగర్, ఆళ్వారుపేట ప్రాంతాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా కచేరీలు. మధ్యాహ్నం పేరు రాని పిల్లలు పాడతారు. చాలా సభల్లో ఆ వేళ ప్రవేశం ఉచితం. సాయంత్రం పెద్దలు పాడతారు. మధ్యలో సభ క్యాంటీనులో టిఫిను, కాఫీ. అకాడమీలో పొద్దుటి పూట విద్వాంసులు కూర్చుని ఒక రాగంలో ఒక స్వరం ఎలా పలకాలో గంటల తరబడి వాదించుకుంటారు. వినడానికి మామూలు మనుషులు వస్తారు. పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి పుస్తకంలో రాగం పేరు రాసుకుంటూ తలాడిస్తుంటాడు. ఆ శ్రోతను తయారుచేయడానికి ఆ ఊరికి వందేళ్ళు పట్టింది. గాయకుడిని ఏ ఊరైనా పిలిపించుకోవచ్చు. శ్రోతను మాత్రం పెంచుకోవాలి.

చందా పద్ధతి సంగీతంతో ఆగలేదు. 1966లో కె.సి.ఎస్. పణిక్కర్ నాయకత్వంలో చిత్రకారులు, శిల్పులు కొందరు సముద్రం ఒడ్డున భూమి కొనుక్కుని చోళమండలం అనే ఊరు కట్టుకున్నారు. బట్టల మీద బాతిక్ అద్దకాలు, చేతిపనులు అమ్మి ఆ డబ్బుతో బొమ్మలు వేసుకున్నారు. ప్రభుత్వాన్ని అడగలేదు. నగరం పుట్టినరోజు పండుగ కూడా ఊళ్ళోని పాత్రికేయులు, చరిత్ర ప్రేమికులు 2004లో మొదలుపెట్టినదే. ఆగస్టులో ఆ రోజుల్లో ఎవరో ఒకరు ముందు నడుస్తూ పాత వీధి కథ చెప్తారు, వెనక జనం నడుస్తారు.

ఇప్పుడు మనకు బాగా తగిలే సంగతి. ఇక్కడి నుంచి కృష్ణ ఒడ్డున పైకి వెళ్తే అమరావతి. కిందికి వెళ్తే పక్కపక్కనే మొవ్వ, కూచిపూడి. ఈ మూడూ చెన్నపట్నంలో ఉన్నాయి.

అమరావతి స్తూపాన్ని 1797లో కంపెనీ అధికారి మెకంజీ చూశాడు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి శిల్పాలను మద్రాసు పంపాడు. వాటిలో చాలా భాగం 1859లో లండన్ చేరింది. ఆ తరువాతి తవ్వకాల్లో దొరికినవి, మిగిలినవి ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. ఆ గదిలో ఏనుగును శాంతపరుస్తున్న బుద్ధుడిని, పూలదండ మోసే మనుషులను, అంచున విచ్చుకున్న తామరలను చూస్తుంటే మన నేల మీది మనుషులు ఇంత సున్నితంగా రాయి చెక్కారా అని గర్వం వస్తుంది. అవి ఇక్కడ లేవన్న బాధ ఆ వెనకే వస్తుంది. రెండూ నిజమే.

మొవ్వ సంగతి వేరే రకం. మొవ్వవాడైన క్షేత్రయ్య పదాలు, అంటే ఆయన పాటలు, మన ఊళ్ళలో దాదాపు వినపడటం మానేసిన కాలంలో వాటిని కాపాడింది మద్రాసు జార్జ్‌టౌన్‌లో ఒక ఇల్లు. వీణ ధనమ్మాళ్ ఇల్లు. శుక్రవారం సాయంత్రాలు ఆమె వీణ వినడానికి విద్వాంసులు నిశ్శబ్దంగా వచ్చి కూర్చునేవారట. ఆమె మనవరాళ్ళు బృంద, ముక్త ఆ పదాలు పాడారు. మరో మనవరాలు బాలసరస్వతి వాటికి అభినయం పట్టింది. దేవదాసీ కుటుంబపు ఆడవాళ్ళు, సమాజం చిన్నచూపు చూస్తున్న రోజుల్లో, మన భాషను గొంతులో దాచి ఉంచారు. వాళ్ళ ఋణం మనం తీర్చుకోలేదు. తీర్చుకోవాలన్న ధ్యాస కూడా మనకు రాలేదు.

ఇక కూచిపూడి. వెంపటి చిన్నసత్యం గారు ఆ ఊళ్ళో పుట్టి మద్రాసు వెళ్ళి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అక్కడి నుంచే నృత్యనాటకాలు దేశమంతా తిరిగాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి సంగతి మీకు నేను చెప్పాలా? ఇదే విజయవాడలో పెరిగారు, సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు, ఇక్కడి రేడియోలో పాడారు. చివరికి స్థిరపడింది చెన్నపట్నంలో. 1978లో మ్యూజిక్ అకాడమీ ఆయన్ను సంగీత కళానిధిగా గౌరవించింది. డిసెంబరు కచేరీల్లో మీరు వినే కీర్తనల్లో తెలుగువి ఎన్నో. త్యాగయ్య, శ్యామశాస్త్రి ఎక్కువగా తెలుగులోనే రాశారు కదా. వేదికల మీద తెలుగు, సంస్కృతమే ఎక్కువైపోయాయి, మా పాట మాకు కావాలని 1943లో తమిళ ఇశై సంఘం పెట్టుకున్నారంటే చూడండి. వాళ్ళ కోరిక న్యాయమైనది. తమ భాష కోసం అడిగారు, అడిగి సంస్థ కట్టారు. మన పాటను మాత్రం తరిమేయలేదు.

చెన్నపట్నాన్ని ఇంతగా పొగిడాను కాబట్టి దాని లోపం కూడా గట్టిగానే చెప్పాలి. చందా కట్టినవాడే లోపల కూర్చుంటాడు. ఎవరు చందా కట్టారు? ఎక్కువగా ఒకే వర్గం, ఒకే రకం చదువు, కొన్ని పేటలు. ఆ గుమ్మం దగ్గర కులం కాపలా కాసింది. పాటను మోసిన దేవదాసీ కుటుంబాలు, నాదస్వర విద్వాంసులు క్రమంగా అంచుకు జరిగారు. ఉత్తర చెన్నైలో గానా పాట ఉంది. చావు ఇంటి ముందు, వీధి మూలల్లో పాడే పాట. పక్కన డప్పు. దానికి సభల్లో చోటు లేదు. 2015లో కొందరు ఊరూర్-ఆల్కాట్ కుప్పంలో, జాలరిపేట మధ్యలో, కచేరీని, పరై అనే డప్పు వాద్యాన్ని ఒకే వేదిక మీద పెట్టారు. కొన్నేళ్ళు సాగింది. అది చూసినప్పుడు నాకు బోనాల వీధి గుర్తొచ్చింది. హైదరాబాదుకు సహజంగా వచ్చినదాన్ని చెన్నపట్నం పూనుకుని చేయాల్సివచ్చింది.

మరి హైదరాబాదుకు చందా అసలు తెలియదా? తెలుసు. మనం మరచిపోయాం. 1901 సెప్టెంబరులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు తోడయ్యారు. ఉర్దూ రాజభాషగా ఉన్న ఊళ్ళో తెలుగు పుస్తకం చదవడానికి ఒక గది. 1921లో వివేకవర్ధని నాటకశాలలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానం పట్టలేక కొందరు ఆ రాత్రే కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక తెచ్చారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే 1934లో 354 మంది కవులతో సంచిక వేసి సమాధానమిచ్చారు. దర్బారు వీళ్ళలో ఎవరినీ పిలవలేదు. తమ జేబులో డబ్బుతో, తమ సాయంకాలాలతో పని చేశారు. చార్మినార్ పక్కన ఈ చరిత్రను కూడా నిలబెట్టి చూస్తేనే హైదరాబాదు పూర్తిగా కనపడుతుంది. దుర్గాబాయి గారు 1937లో మద్రాసులో మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ తరువాత హైదరాబాదులోనూ వేళ్ళూనింది. అంటే ఆ విత్తనం ఆ నేలలో మొలుస్తుంది.

కానీ రాష్ట్రాలు వచ్చాక మనం ప్రభుత్వాన్ని కొత్త నవాబుగా చేసుకున్నాం. 1961లో రవీంద్రభారతి వచ్చింది. మంచి వేదిక. అక్కడ సాయంత్రం కార్యక్రమానికి వెళ్ళండి. శాలువాలు, జ్ఞాపికలు, వేదిక మీద పదిమంది, ఒక్కొక్కరి మాటా అయ్యేసరికి పాడవలసిన అమ్మాయికి పావుగంట మిగులుతుంది. నాకు ఇది బాధ కలిగించే విషయం. త్యాగరాయ గానసభ, సురభి కుటుంబాలు, కొన్ని చిన్న వేదికలు పట్టుదలగా పని చేస్తున్నాయి, వాళ్ళకు చేతులెత్తి మొక్కుతాను. కోటిమంది ఉన్న ఊళ్ళో వాళ్ళు ఇంకా కొద్దిమందే. టికెట్టు కొని పాట వినడం మనకు అలవాటు కాలేదు. పాసు ఎక్కడ దొరుకుతుందని అడుగుతాం.

మీలో ఎవరైనా ఈ రెండు ఊళ్ళకూ వెళ్తుంటే నా సలహా ఇది. చెన్నై డిసెంబరు చివర్లో వెళ్ళండి. పొద్దున ఎగ్మూరులో అమరావతి గది, మధ్యాహ్నం ఏదైనా సభలో పేరు తెలియని పిల్లల కచేరీ. హైదరాబాదు ఆషాఢంలో ఆదివారం నాడు వెళ్ళండి. ముందు ఆషుర్ఖానా, తరువాత బోనాల వెంట నడక. ఫలక్‌నుమా అద్దాలు, ఫిల్మ్ సిటీ సెట్లు మరోసారి చూడొచ్చు.

చివరగా ఈ గ్రంథాలయ కార్యవర్గానికి ఒక విన్నపం. మొవ్వ మనకు ఎంతో దూరం లేదు. నెలకు ఒక సాయంత్రం, ఈ హాల్లోనే, క్షేత్రయ్య పదాల కచేరీ పెట్టండి. పాసులు వద్దు, సన్మానాలు వద్దు. సంవత్సర చందా పెట్టండి. కట్టలేనివాళ్ళకు, దారిన పోయేవాళ్ళకు వెనక సగం కుర్చీలు ఎప్పుడూ తెరిచి ఉంచండి. గాయకులకు డబ్బు ముందే ఇవ్వండి. సమయానికి మొదలుపెట్టండి, ముందు వరుసలో ఎవరు రాకపోయినా సరే. నా చందా ఈ సాయంత్రమే కార్యదర్శి గారికి ఇచ్చి వెళ్తాను. రసీదు పుస్తకం బల్ల మీదే ఉందని చెప్పారు.

నమస్కారం.